తాగని చేతుల వణుకు

మా ఇంట్లో చాయ్ ఎప్పుడూ సగం గ్లాసే పోస్తారు. మా తాత కాలం నుంచీ అంతే. గ్లాసు మాత్రం పొడుగ్గా ఉంటుంది, అందులో సగానికి చాయ్. చుట్టాల్లో మాది పిసినారి ఇల్లని పేరు. "వాళ్లింట్ల రెండుమాట్ల తాగితేనే ఒక్క చాయ్ అయితది" అని మా ముందే అనేవారు. నేను ఆ పేరును ఎప్పుడూ కాదనలేదు. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇటుకలెన్ని పడతాయో, సిమెంటు ఎన్ని బస్తాలు కావాలో లెక్కగట్టి చెప్పడం జనగామలో నా పని. పదో తరగతి తప్పి, మేస్త్రీల వెంట తిరిగి నేర్చుకున్నాను. వృథా కాకుండా చూడటమే నా బతుకుతెరువు కనుక, సగం గ్లాసు చాయ్ మా పెద్దల తెలివేనని గర్వపడ్డాను కూడా. నిండు గ్లాసు పోస్తే అది చుట్టం చేతికి అందేలోపు సగం నేల తాగేస్తుందని, అందుకే పెద్దలు ఆ సగాన్ని ముందే తీసేశారని యాభై దగ్గరపడేదాకా నాకు తట్టలేదు.

అది తట్టేలా చేసింది మా మరదలు, తమ్ముడి భార్య.

మా తమ్ముడు నర్మెట్టలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగితీగ తీసేసి, కొత్తది చుట్టే పని. కొన్నేళ్లుగా వాడి చేతులు వణుకుతున్నాయి. ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే బుద్ధిగా ఉంటాయి. తీగ పట్టుకుంటేనో, గ్లాసు ఎత్తితేనో, సంతకం పెట్టబోతేనో మొదలవుతాయి. మోటార్లు తెచ్చిన రైతులు ఊరుకుంటారా?

"ఏం తమ్మీ, మోటరు ఇప్పకముందే షాకు కొట్టిందా?"

"గీయన చుట్టిన మోటరు నీళ్లు గూడ వణుక్కుంట పోస్తది."

తమ్ముడు నవ్వి ఊరుకునేవాడు. మోచేతులు రెండూ బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి చుట్టేవాడు. వాడు చుట్టిన మోటారు వెనక్కి వచ్చిందని నేను వినలేదు.

దుకాణం మూశాక తాటివనం వైపు వెళ్లి కల్లు తాగి రావడం వాడి అలవాటు. తాగి వచ్చిన పూట చేతులు కుదురుగా ఉండేవి. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కుదురుగా ఉన్న చేతుల్ని ఎవరు చూస్తారు?

మరదలిది భూపాలపల్లి జిల్లా టేకుమట్ల. వాళ్ల నాన్న తాగి తాగి, ఆమెకు పెళ్లికాకముందే పోయాడు. ఆయన చివరి రోజుల్లో అన్నం కలిపి నోట్లో పెట్టింది ఈమే. అందుకే కల్లు మానమని తమ్ముణ్ణి పోరి పోరి, చివరికి దేవుడి పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించింది. వాడు నిజంగానే మానేశాడు. మానేసిన దగ్గర్నుంచి చేతులు పొద్దునా వణికాయి, సాయంత్రమూ వణికాయి. ఆమె దానికి ఒకే అర్థం తీసుకుంది: ఇదివరకు సాయంత్రమే తాగేవాడు, ఇప్పుడు దాచుకుని రోజంతా తాగుతున్నాడు.

గొడవ ముదిరిందని తమ్ముడు ఫోన్ చేస్తే బయల్దేరి, నేను నర్మెట్ట చేరేసరికి ఆమె సంచి సర్దుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"తాగకుంటే గా చేతులు ఎందుకు వణుకుతున్నయ్?" అని అడుగుతోంది.

"నేనేమన్న వణికిస్తున్ననా? గవే వణుకుతున్నయ్" అన్నాడు తమ్ముడు.

"మా నాయినవి గూడ గవే వణికినయ్. సచ్చేదాక గవే వణికినయ్."

నేను మధ్యలోకి వెళ్లి, మా నాన్నకూ వణికేవి, తాతకూ వణికేవి, ఇది మా ఇంటి రోగం కావచ్చు అన్నాను.

"మామ తాగేటోడా లేదా?" అంది.

"తాగేటోడే."

"తాత?"

తాత సంగతి చెప్పకపోవడమే మంచిది.

"బావా, గోడకు ఎన్ని ఇటుకలు పడ్తయో మీకు ఎరుక. తాగుబోతు చేతులు నాకు ఎరుక. మీ ఇంట్ల చుక్క ముట్టనోల్లు, గయినా చేతులు వణికేటోల్లు, ఒక్కలంటే ఒక్కల్ని జూపెట్టున్రి. మర్నాడే ఇంటికొస్త. లేకుంటే నా కోసం ఎవ్వలు రావద్దు."

చెప్పి బస్సెక్కింది. తమ్ముడు అరుగు మీద అట్లాగే కూర్చుండిపోయాడు. "అన్నా, తాగినప్పుడు నాతోని ఉన్నది, మానినంక ఇడిసిపెట్టి పోయింది. గిదేం లెక్క?" అని నన్నే అడిగాడు. ఆమె అడిగిన దాంట్లో మాత్రం నాకు తప్పు కనిపించలేదు. తాగేవాళ్ల చేతులు ఎన్ని లెక్కబెట్టినా అవి తాగడం వల్ల వణికాయో, పుట్టుకతో వణికాయో తేలదు. తాగనివాడు ఒక్కడు దొరికితే తేలిపోతుంది.

ముందు తమ్ముణ్ణి హనుమకొండలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చేతులు ముందుకు చాపమన్నాడు, నీళ్లు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోయమన్నాడు, కాగితమిచ్చి నడిమి నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా గీత గీయమన్నాడు. తమ్ముడి గీత చూస్తే రంపం పళ్లు గుండ్రంగా తిరిగినట్టుంది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్నాడు డాక్టరు.

నేను చెప్పిన జాబితా విని ఆయనకు ఆశ్చర్యమేమీ కలగలేదు. కొన్ని కుటుంబాల్లో ఇట్లాంటి వణుకు తరతరాలుగా వస్తుందట. పని చేయబోతేనే వణుకుతుందట. కల్లో సారానో తాగితే కాసేపు తగ్గినట్టు ఉంటుందనీ, అది వైద్యం కాదనీ, దాన్ని నమ్ముకున్నవాళ్లు రెండు రోగాలు తెచ్చుకుంటారనీ చెప్పాడు. రక్తపరీక్షలు రాసి, వంశంలో ఎవరెవరికి ఉందో కనుక్కుని మళ్లీ రమ్మన్నాడు. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సగం అన్నాడు.

సగం అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. సగం నాకు అర్థమయ్యే భాష.

"అయితే నాకు భయం లేదు సార్" అన్నాను. "మేం నలుగురం. మా అక్కకుంది, తమ్ముడికుంది. నాకూ చెల్లెకూ లేదు. నలుగురిలో సగం ఇద్దరు. మా వంతు అయిపోయింది."

డాక్టరు పెన్ను కింద పెట్టి నవ్వాడు. "బొమ్మా బొరుసూ ఎప్పుడైనా వేశారా? ప్రతి బిడ్డకూ కొత్తగా వేస్తారు. ముందు ఏం పడిందో బిళ్లకు గుర్తుండదు. పైగా కొందరికి ముసలితనంలో మొదలవుతుంది. ఏదీ, మీరూ ఒకటి గీయండి."

గీశాను. కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి గీశాను. ఆయన చూసి "ఇప్పటికైతే బాగానే ఉంది" అన్నాడు. ఆ "ఇప్పటికైతే" తమ్ముడికి ఎంత నచ్చిందంటే బస్సులో జనగామ దాకా అదే పాట. "అన్నా, చాయ్ తాగుతవా, ఇప్పటికైతే?" "కిటికీ పక్కన కూసో, ఇప్పటికైతే." పెళ్లాం వదిలిపోయిన మనిషి ఆ కాస్త నవ్వుకున్నాడని నేనూ ఓర్చుకున్నాను.

ఆ మర్నాటి నుంచి మా వంశంలో తాగనివాళ్ల కోసం వెతుకులాట మొదలుపెట్టాను. చెడిపోయినవాణ్ణి వెతికే చుట్టాలు ప్రతి ఇంట్లో ఉంటారు. చెడనివాణ్ణి వెతకబోతే ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ముందు అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, నీకు చేతులు వణుకుతయ్ గదా?"

"వణుకుతయ్. ఏమైతది?"

"కల్లు తాగుతవా?"

"ఎవడన్నడురా?"

"ఎవ్వలనలే. నేనే అడుగుతున్న."

"బోనాలకు తాగుత. పెండ్లిళ్లకు తాగుత. మోకాళ్లు గుంజితే తాగుత. ఊకె తాగనని జెప్పు ఆ అన్నోనికి."

అక్క సాక్ష్యానికి పనికిరాలేదు. తర్వాత మా ఊళ్లో కాక దగ్గరికి వెళ్లాను. కాక అంటే మా నాన్న తమ్ముడు. తాటాకును దొన్నెలా మడిచిన రేకలో కల్లు పోయించుకుంటే మొదటి రేక భూదేవికి నైవేద్యమని, రెండోదే తనకని చెప్పే భక్తిపరుడు. నిజానికి మొదటి రేక వణికే చేతుల్లోంచి సగానికి పైగా ఒలికిపోయేది. మిగిలింది లోపలికి దిగాక చేతులు ఆగేవి, రెండోది చక్కగా నోటికి చేరేది. నేలపాలైనదానికి ఆయన పెట్టుకున్న పేరే నైవేద్యం.

"కాకా, మన ఇంట్ల తాగనోల్లు ఎవలన్న ఉన్నరా?" అని అడిగాను.

ఆయన కంగారుపడ్డాడు. "తాగనోడా? మన ఇంట్లనా? గంత చెడ్డపేరు ఎవనికొచ్చిందిరా?"

సంగతంతా చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "మీ మేనత్త ఉన్నది గదరా, గార్లల" అన్నాడు.

"అత్త తాగదు. గని ఆమెకు వణకది గదా?"

"ఎవడు జెప్పిండు నీకు? ఆమె చేతులు ఎన్నడన్న ఇడిగా జూసినవా?"

నేను గుర్తు చేసుకోబోయాను. అత్త చేతులు నాకు ఎప్పుడూ జతగానే కనిపించాయి. పెళ్లయ్యాక క్రైస్తవం తీసుకున్న మనిషి. వేళ్లలో వేళ్లు పెట్టి, చేతులు జోడించి, పొట్టకు ఆనించుకుని ఉంటుంది. ప్రార్థనాపరురాలని చర్చిలో అందరికీ ఆమె మీద గౌరవం. గింజల మీద పడిన కోళ్లను కూడా ఆమె మోచేత్తోనే అదిలిస్తుంది.

రైల్లో మానుకోటలో దిగి, బస్సెక్కి గార్ల చేరాను. అత్త వాకిట్లోనే ఎదురైంది, చేతులు జోడించుకునే.

"ఏందల్లుడా, ఎవలు పోయిండ్రు?"

"ఎవ్వలు పోలేదత్తా. నిన్ను జూద్దామని వచ్చిన."

"నువ్వు ఊకె రావు. లోపలికి నడువు."

ఆమె కోడలు చాయ్ తెచ్చింది. సగం గ్లాసు. నేను ఆ గ్లాసును చూస్తుంటే అత్త నన్ను చూస్తోంది. డాక్టరు ఇచ్చిన కాగితం లాంటిదే ఒకటి తీసి, నడిమి నుంచి చుట్టలు గీయమన్నాను.

"నాకు సదువు రాదు."

"సదువు కాదత్తా. సకినం చుట్టినట్టు చుట్టు."

"పండుగ లేదు, పెండ్లి లేదు, ఇప్పుడు నాకు సకినాలతోని ఏం పని?"

కాగితం ముట్టుకోలేదు. తమ్ముడి సంగతి చెప్పాను. అయ్యో అంది, ప్రార్థన చేస్తానంది, చేతులు మాత్రం విడదీయలేదు. ఇక మామూలుగా అడిగితే లాభం లేదని, మరదలు అన్న మాటకు కొంచెం పదును పెట్టి చెప్పాను.

"ఆ పిల్ల ఏమన్నదో ఎరుకేనా అత్తా? మీ వంశంల తాగని మనిషి పుట్టనే పుట్టలేదన్నది."

అత్త ముఖం ఎర్రబడింది. "పుట్టలేదన్నదా? మరి నేనెవలను?"

"గదే నేను అడుగుదామని వచ్చిన."

"నోట్లె చుక్క పోసుకోలే నేను! మా అన్నదమ్ములు తాగుతుంటే గడప తొక్కలే నేను! పుట్టలేదన్నదా!" అంటూ, వేలు చూపించి తిట్టడానికి చేతులు విడదీసింది. తిట్టు సగంలోనే ఆగిపోయింది. రెండు చేతులూ పిండి జల్లెడ పడుతున్నట్టు ఊగుతున్నాయి. ఇద్దరం వాటి వైపే చూస్తూ కూర్చున్నాం.

"సూసినవ్ గదా" అంది చివరికి. "మీ మామకు గూడ జూపియ్యలే. ఆయనకు ఎరుక లేకుండనే పోయిండు."

"ఎందుకు దాచినవత్తా?"

"ఏమని జెప్పాలెరా? చర్చిల లేచి సాక్ష్యం జెప్పినప్పుడల్లా మీ నాయిన చేతుల ముచ్చటనే జెప్పిన. తాగుడు మనిషిని గిట్ల జేస్తది, జూడున్రి అని. ఇప్పుడు నావి జూస్తే, గీమె సాటుంగ తాగుతదనరా?"

మా తమ్ముడి మీద ఇప్పుడు పడిన అనుమానానికే ఈమె కొన్నేళ్లుగా భయపడుతోంది. కోడలు వచ్చి సగం గ్లాసు తీసుకుపోయింది. అత్త చేతులు మళ్లీ కలుపుకుని, "టేకుమట్లకు బస్సు యాడ మారాలె?" అంది.

టేకుమట్లలో మరదలి తల్లిగారింటి వరండా నిండా ఆడవాళ్లున్నారు. పక్కింట్లో పెళ్లికి సకినాలు చుడుతున్నారు. తెల్లటి బట్ట పరిచి, నువ్వులు వాము కలిపిన బియ్యప్పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ, ఒకదాని చుట్టూ ఒకటి వరసలు తిప్పుతున్నారు. మరదలు మమ్మల్ని చూసి లేచింది. అత్త ఆమెను పలకరించలేదు. చెప్పులు విడిచి, చేయి కడుక్కుని, నేరుగా ఆడవాళ్ల మధ్య కూర్చుని పిండి ముద్ద అందుకుంది.

మొదటి వరస తిరిగేసరికే పక్కావిడ చేయి ఆగింది. రెండో వరస మొదటిదాని మీదికి ఎక్కింది. మూడోది దారి తప్పి పక్కావిడ సకినంలో కలిసింది.

"పెద్దమ్మా, గిదేం సకినం?" అంది మరదలు. "ఎర్ర ఉరికినట్టున్నది."

ఎర్ర అంటే వానపాము. ఆడవాళ్లంతా నవ్వారు. అత్త కూడా నవ్వింది, కానీ చుట్టడం ఆపలేదు.

"బిడ్డా, నేను మీ మామకు చెల్లెను. కల్లు గాదు, సారా గాదు, ప్రభువు తోడు, ఏదీ ముట్టలే. నా చేతులు జూడు."

మరదలు వంగి, ఆ చేతుల్ని చాలాసేపు చూసింది.

"చిన్నప్పుడన్న తాగినవా పెద్దమ్మా?"

"మా అవ్వ ఉగ్గుల పోసిందేమో, నాకు యాది లేదు. గది గిప్పుడు వణికిస్తదా?"

మళ్లీ నవ్వులు. మరదలు మాత్రం నవ్వలేదు. "బావా, పెద్దమ్మను ఇయ్యాల ఈడనే ఉండనియ్యున్రి" అంది. నమ్మడానికి ముందు తనిఖీ చేస్తుందన్నమాట. ఆ జాగ్రత్త నాకు నచ్చింది, నేనైనా అదే చేసేవాణ్ణి. అత్తను వాళ్లింట్లో వదిలి, దగ్గర్లోని ఒక చుట్టం ఇంట్లో తలదాచుకున్నాను. మర్నాడు సాయంత్రం దాకా మరదలు అత్త కొంగు వదల్లేదట. స్నానానికి వెళ్తే గుమ్మం దగ్గర కూర్చుందట. అత్త సంచిలో ఏముందో చూస్తే బైబిలు, దువ్వెన, వక్కపలుకులు దొరికాయట. "పోలీసోల్లు గూడ గింత ఎతకరు" అని అత్త తర్వాత నాతో అంది, కొంచెం గర్వంగానే.

మాపటికి మరదలు నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"పెద్దమ్మ చేతులు పొద్దుగాల వణికినయ్. పగటీలి వణికినయ్. ఇప్పుడు గూడ వణుకుతున్నయ్. మా నాయినవి గిట్ల కాదు బావా. మాపటికి తాగంగనే ఆగేటియి."

"నీ మొగనియి గూడ తాగిన రోజులల్ల మాపటికి ఆగేటియే గదమ్మా" అన్నాను, నిజం దాచడం చేతకాక.

"గదే జెప్పబోతున్న" అంది. "ఒట్టు ఏసిన కాన్నుంచి ఒక్క మాపు గూడ ఆగలే. తాగితే ఆగాలె గదా? నా కండ్ల ముంగటనే వణుకుతున్నయ్, నేనే ఉల్టా జూసిన. ఆయన తాగలే బావా."

నా దగ్గర ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. డాక్టరు చెప్పిన సగం లెక్క ఉంది, తాత నుంచి దించిన వంశవృక్షం ఉంది. అవేవీ ఆమెకు అక్కరలేకపోయాయి. అప్పటికే సంచి తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

కథ అక్కడ అయిపోయిందనుకున్నాను. వంశం సంగతి విని, పరీక్షలు చూసి, డాక్టరు తమ్ముడికి గోళీలు రాశాడు. వాటితో వణుకు బాగా తగ్గవచ్చన్నాడు. కొన్నాళ్లకు నర్మెట్ట పోయినప్పుడు వాడి చేతులు చూస్తే వణుకు కొంచెం కూడా తగ్గలేదు. మందు పని చేయలేదేమో, ఇంకోటి రాయించుకుందామన్నాను. వాడు దుకాణం చివరికి తీసుకుపోయి, రాగితీగ చుట్ట కింద నుంచి గోళీల అట్ట తీసి చూపించాడు. ఒక్కటీ విప్పలేదు.

"ఎందుకురా?"

"అన్నా, నీకేం ఎరుక! వణుకుతున్నయనే ఆమె నమ్మింది. గోలీ ఏసుకుంటే ఆగుతయ్. ఆగితే ఏమనుకుంటది? తాగిండు అనుకుంటది. మల్ల సంచి సదురుకుంటది."

లెక్కగా చూస్తే వాడి భయంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అట్ట తీసుకుని ఇంటికి వెళ్లి మరదలి చేతిలో పెట్టి, వాడన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చెంబుతో నీళ్లు తీసుకుని నా వెంటే దుకాణానికి వచ్చింది. రైతులు ఇద్దరు మోటారు దించుతున్నారు. వాళ్ల ముందే గోళీ విప్పి వాడి అరచేతిలో పెట్టింది.

"ఏసుకో."

"ఆగినంక నువ్వు మల్ల..."

"నేనిచ్చిన గోలీతోని ఆగినయని నాకు తెల్వదా? రోజు నేనే ఇస్త. నా చేతులకెల్లే ఏసుకుంటవ్."

రైతులు మోటారు కింద పెట్టేసి చూస్తున్నారు. తమ్ముడు గోళీ నోట్లో వేసుకుని, ఆమె పట్టుకున్న చెంబులోంచే నీళ్లు తాగాడు.

"నోరు తెరువు" అంది ఆమె.

తెరిచాడు.

"నాలుక లేపు."

లేపాడు. ఆమె తల వంచి లోపలికి చూసింది, వాసన కూడా చూసింది, తర్వాత పక్కకు జరిగి నన్ను పిలిచింది.

"బావా, మీరు గూడ ఒక్కపారి జూడున్రి."